సిమెంటు రోడ్డు మందం ఎవరు తేల్చాలి? నాలుగు లెక్కలు, మనం అడగాల్సిన ఒక ప్రశ్న

బెంగళూరులో దాదాపు పదేళ్లుగా వైట్ టాపింగ్ పనులు నడుస్తూనే ఉన్నాయి. ముంబయిలో సుమారు 400 కిలోమీటర్ల వీధులను కాంక్రీటు చేసే పనికి 2023 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఖర్చు ఆరు వేల కోట్ల రూపాయల పైమాటే. నాణ్యత పరిశీలనకు ఐఐటీ బొంబాయిని పెట్టుకున్నారు. హోసూరు, షోలాపూర్, భివండీ, బరంపురం, రాయగడ, యానాం లాంటి మన వాళ్లున్న ఊళ్లలోనూ సందు సందుకూ సీసీ రోడ్డు వస్తోంది. తారు రోడ్డు ప్రతి వానకూ గుంతలు పడి జనం విసిగిపోయారు కాబట్టి, సిమెంటు రోడ్డు అనగానే అందరికీ సంతోషమే.

అయితే ఒకే ఊళ్లో, ఒకే ఏడాది వేసిన రెండు రోడ్లలో ఒకటి ఇరవై ఏళ్లు నిలుస్తుంది, ఇంకొకటి మూడో ఏటికే బీటలు తీస్తుంది. అడిగితే ‘కాంట్రాక్టర్ సిమెంటు తిన్నాడు’ అంటారు. చాలాచోట్ల అది నిజమే కావచ్చు. కానీ సిమెంటు సరిగ్గా వేసినా పగిలే రోడ్లున్నాయి. ఆ లోపం రోడ్డు వేయకముందే, కాగితం మీద లెక్క వేసినప్పుడే జరిగిపోయి ఉంటుంది. ఆ లెక్కకు ప్రపంచంలో నాలుగైదు పద్ధతులున్నాయి. ఒకే వీధికి ఒక పద్ధతి 150 మిల్లీమీటర్లు చాలంటుంది, ఇంకొకటి 250 కావాలంటుంది. ఎందుకిలా? ఏది నమ్మాలి? పన్ను కట్టేవాళ్లుగా మనం ఏం అడగాలి? ఈ వ్యాసంలో వాటినే చూద్దాం.

మా మాట ముందే చెప్పేస్తాం. ఈ పద్ధతుల్లో ఏదీ తప్పు కాదు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది, అంతే. మన వీధికి సంబంధం లేని ప్రశ్నకు వచ్చిన జవాబును తెచ్చి మన వీధిలో పోయడం దగ్గరే తేడా వస్తోంది.

తారు రోడ్డు నలుగుతుంది, సిమెంటు రోడ్డు వంగుతుంది

తారు రోడ్డు మీద లారీ వెళ్తే బరువు పొర పొరగా కిందికి దిగి మట్టికి చేరుతుంది. అందుకే అడుగున కంకర, మట్టి గట్టిగా లేకపోతే పైన గుంత పడుతుంది. కాంక్రీటు పని తీరు వేరు. అది రెండు చివర్ల మీద ఆనించిన బల్లలా వంగి, బరువును చుట్టూ పరుస్తుంది. వంగినప్పుడు పలక పైభాగం నొక్కుకుపోతే అడుగుభాగం సాగుతుంది. కాంక్రీటుకు నొక్కుడును తట్టుకునే బలం ఎక్కువ, సాగుడును తట్టుకునే బలం చాలా తక్కువ. మామూలుగా రోడ్డుకు వాడే ఎం40 కాంక్రీటు నొక్కుడులో 40 మెగాపాస్కల్‌లు ఓర్చుకుంటుంది గానీ, వంగుడులో దాని బలం సుమారు నాలుగున్నరే.

దీనికి ఎండ కూడా తోడవుతుంది. మధ్యాహ్నం పలక పైభాగం కాలిపోతుంది, అడుగు చల్లగా ఉంటుంది. తీరానికి దూరంగా ఉన్న దక్కన్ ప్రాంతంలో మామూలు మందం పలకకు ఈ తేడా ఇరవై డిగ్రీల దరిదాపుల్లో ఉంటుందని మన ప్రమాణాలే చెబుతాయి. అప్పుడు పలక బోర్లించిన పళ్లెంలా అంచులు కిందికి వంచుకోవాలని చూస్తుంది. తెల్లవారుజామున పైభాగం ముందు చల్లబడి, మూలలు పైకి లేస్తాయి. లారీ బరువు, ఎండ తెచ్చే వంపు రెండూ కలిసి వచ్చినప్పుడే పలకకు అసలు పరీక్ష. డిజైన్ పద్ధతుల మధ్య తేడాలన్నీ ఈ రెండింటినీ ఎలా కలిపి లెక్కిస్తారన్న దగ్గరే మొదలవుతాయి.

మొదటి పద్ధతి: ఒక చక్రం, ఒక పలక

వెస్టర్‌గార్డ్ అనే ఇంజనీరు 1926లో కాంక్రీటు పలక మీద చక్రం మధ్యలో, అంచున, మూలన ఉన్నప్పుడు ఎంత ఒత్తిడి వస్తుందో సూత్రాలు కట్టాడు. వేడి వల్ల వచ్చే ఒత్తిడికి బ్రాడ్‌బరీ 1938లో లెక్క ఇచ్చాడు. వందేళ్లవుతున్నా కాంక్రీటు రోడ్ల లెక్కకు పునాది ఇవే.

ఈ పద్ధతి అడిగేది ఒకటే: ‘అతి బరువైన చక్రం ఒకటి వస్తే పలక పగులుతుందా, పగలదా?’ అదే చక్రం ఎన్నిసార్లు వస్తుందన్నది ఇందులో లేదు. లారీలు అరుదుగా వచ్చే వీధులకు ఇది సరిపోతుంది. మన దేశంలో తక్కువ రద్దీ రోడ్లకు వాడే ఐఆర్‌సీ:ఎస్పీ:62-2014 ప్రమాణం ఈ దారిలోనే వెళ్తుంది. రోజుకు 50 లోపు వాణిజ్య వాహనాలు వచ్చే రోడ్డుకు చక్రం బరువు ఒక్కటే చూస్తే చాలంటుంది. 50 నుంచి 150 దాకా అయితే ఎండ ఒత్తిడిని కూడా కలపమంటుంది. 150 దాటి 450 దాకా వెళ్తే, పదే పదే వంగడం వల్ల వచ్చే అలసటను కూడా లెక్కించమంటుంది. 450 దాటితే ఆ పుస్తకం పక్కన పెట్టి పెద్ద రోడ్ల ప్రమాణానికి వెళ్లాల్సిందే.

ఇందులో మనం గుర్తు పెట్టుకోవాల్సింది ఆ మూడు అంకెలే: 50, 150, 450. మీ వీధి ఏ మెట్టు మీద ఉందో ఎవరైనా లెక్కపెట్టారా? మున్సిపాలిటీ ఎస్టిమేట్లలో చాలాసార్లు కనిపించేది 150 మి.మీ. అనే అలవాటు అంకె ఒక్కటే. అది ఏ మెట్టుకు వేసిందో పక్కన రాసి ఉండదు.

రెండో పద్ధతి: అమెరికాలో ఒక పొలం, రెండేళ్ల పరీక్ష

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒట్టావా అనే ఊరి దగ్గర 1958 నుంచి 1960 దాకా ఒక పెద్ద పరీక్ష జరిగింది. రకరకాల మందాల్లో తారు, కాంక్రీటు రోడ్లు వేసి, వాటి మీద సైన్యం డ్రైవర్లు రాత్రింబవళ్లు లారీలు నడిపారు. పది లక్షలకు పైగా యాక్సిల్ దెబ్బలు తగిలాక ఏ రోడ్డు ఎంత పాడైందో కొలిచారు. ఆష్టో పద్ధతి అక్కడే పుట్టింది. దాని 1993 సంచిక ఇప్పటికీ చాలా దేశాల్లో వాడుకలో ఉంది.

ఈ పద్ధతి పలక పగిలిందా లేదా అని అడగదు. ‘ఈ రోడ్డు మీద ప్రయాణం ఎప్పటికి భరించలేనిదవుతుంది?’ అని అడుగుతుంది. సున్నా నుంచి అయిదు వరకు మార్కులు వేసి, కొత్త కాంక్రీటు రోడ్డుకు నాలుగున్నర, పెద్ద రోడ్డు పనికిరాకుండా పోయినప్పుడు రెండున్నర అని పెట్టుకుంటుంది. బండ్లన్నిటినీ సుమారు 8.2 టన్నుల ప్రామాణిక యాక్సిల్‌లోకి మారుస్తుంది. ఈ మార్పిడిలోంచే ఇంజనీర్లు తరచూ చెప్పే ‘నాలుగో ఘాతం’ సూత్రం వచ్చింది: బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు.

దీని బలం అనుభవం. కాగితం మీద ఊహించింది కాదు, కళ్లతో చూసి కొలిచింది. బలహీనత కూడా అదే. అది ఒక ఊరి మట్టి, ఒక ఊరి చలి, అరవై ఏళ్ల కిందటి లారీలు. అక్కడ మంచు గడ్డకట్టి కరిగే నేల. మనది నల్లరేగడి, జూన్ వాన, ఏప్రిల్ ఎండ.

మూడో పద్ధతి: అడుగున నీళ్లేం చేస్తాయి?

అమెరికా సిమెంటు ఉత్పత్తిదారుల సంస్థ పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్ 1984లో సవరించిన పద్ధతిని పీసీఏ పద్ధతి అంటారు. ఇది రెండు పరీక్షలు పెడుతుంది. ఒకటి అలసట. ఇనుప తీగను ఒకసారి వంచితే తెగదు, పదే పదే వంచితే తెగుతుంది. కాంక్రీటూ అంతే. ఒత్తిడి దాని బలంలో 45 శాతం లోపు ఉంటే ఎన్నిసార్లు వంగినా ఫర్వాలేదని, అది దాటితే ఇన్నిసార్లే అని ఈ పద్ధతి లెక్క చెబుతుంది.

రెండో పరీక్ష కోత. జాయింట్ లోంచి నీళ్లు దిగి పలక కింద నిలుస్తాయి. లారీ వెళ్లినప్పుడల్లా పలక నొక్కుకుని, ఆ నీటిని మట్టితో సహా పక్కలకు చిమ్ముతుంది. కొన్నాళ్లకు మూల కింద ఖాళీ ఏర్పడి, ఆసరా లేని మూల విరుగుతుంది. వాన పడ్డాక సిమెంటు రోడ్డు జాయింట్ల దగ్గర బురద చారలు కనిపిస్తే ఇదే జరుగుతోందని అర్థం. మిగతా లెక్కలు చాలావరకు పలక ఎప్పుడూ నేలకు ఆనుకునే ఉందనుకుంటాయి. ఈ పద్ధతి మాత్రం ‘ఆనుకుని లేకపోతే?’ అని అడుగుతుంది. గోదావరి ఒడ్డున ఒండ్రు మట్టి మీద ఉన్న యానానికి, నాలుగు నెలలు వానలో నానే ముంబయికి, భివండీకి ఇంతకంటే దగ్గరి ప్రశ్న లేదు.

నాలుగో పద్ధతి: మన ఐఆర్‌సీ:58

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ హైవేల కాంక్రీటు రోడ్లకు 1974లో మొదటిసారి ఐఆర్‌సీ:58 తెచ్చింది. 2011లో అది పూర్తిగా మారింది. ఇప్పుడున్నది 2015 సవరణ. ఇది లారీలన్నిటినీ ఒకే ప్రామాణిక యాక్సిల్‌లోకి మార్చేయదు. రోడ్డు మీద వెళ్లే లారీలను తూకం వేసి, ఏ బరువు యాక్సిళ్లు ఎన్ని వస్తున్నాయో విడివిడిగా పట్టిక కట్టమంటుంది. ఒక్కో బరువు పలక జీవితంలో ఎంత భాగం తినేస్తుందో చూసి, అన్నీ కలిపినా ఒకటి దాటకూడదంటుంది. మామూలుగా ముప్పై ఏళ్లకు లెక్క వేస్తారు.

ఇందులోని కొత్తదనం పగలు, రాత్రి విడదీయడం. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా పలక అడుగు నుంచి పైకి పగులు వస్తుందేమో చూస్తారు. అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా, మూలలు పైకి లేచి ఉన్నప్పుడు, పై నుంచి కిందికి పగులు వస్తుందేమో చూస్తారు. ఇది మన నగరాలకు బాగా పనికొచ్చే విషయం. పెద్ద నగరాల్లో పగలు భారీ లారీలకు ఆంక్షలుంటాయి. సరుకంతా రాత్రే కదులుతుంది. అంటే పలక మూలలు లేచి ఉన్న వేళకే బరువంతా వస్తుంది. పగటి ట్రాఫిక్ చూసి వేసిన లెక్కకు ఇది అందదు.

కోతను ఈ ప్రమాణం ప్రధానంగా నిర్మాణంతోనే అడ్డుకోవాలంటుంది. పలక కింద డీఎల్‌సీ అనే తక్కువ సిమెంటు గట్టి పొర, దాని కింద నీళ్లు బయటికి పోయే పొర ఉండాలి. హైవేలో ఇవి వేస్తారు. వార్డు వీధుల్లో ఈ పొరల ఖర్చే ముందు కోతకు గురవుతుంది.

ఈ నాలుగు కాక, 2008లో అమెరికా ఆష్టో తెచ్చిన కొత్త పద్ధతి ఒకటుంది. అది పగుళ్లు, పలకల మధ్య ఎత్తుపల్లాలు, గతుకులు ఏ ఏటికి ఎంత వస్తాయో కంప్యూటర్‌తో అంచనా వేస్తుంది. కానీ స్థానికంగా ఏళ్ల తరబడి సేకరించిన కొలతలు లేకుండా దాన్ని నమ్మడం కష్టం.

ఒకే చక్రం, మూడు మందాలు

మాటలు చాలు, అంకెలు చూద్దాం. మేము వెస్టర్‌గార్డ్ అంచు సూత్రంతో ఒక ఉజ్జాయింపు లెక్క కట్టాం. చక్రం బరువు సుమారు 5 టన్నులు, అంటే పది టన్నుల యాక్సిల్‌లో సగం. నేల ఒక మోస్తరు గట్టిది. కాంక్రీటు వంగుడు బలం నాలుగున్నర మెగాపాస్కల్‌లు. చక్రం సరిగ్గా పలక అంచు మీద ఉందనుకున్నాం. ఎండ ఒత్తిడిని కలపలేదు.

• 150 మి.మీ. పలక: ఒత్తిడి సుమారు 4.7. పలక బలాన్ని దాటేసింది.
• 200 మి.మీ. పలక: ఒత్తిడి సుమారు 3.0. అలసట సూత్రం ప్రకారం అలాంటి దెబ్బలు అయిదు వేల లోపే ఓర్చుకుంటుంది.
• 250 మి.మీ. పలక: ఒత్తిడి సుమారు 2.1. ఓర్చుకునే దెబ్బలు డెబ్భై లక్షల పైమాట.

మళ్లీ చూడండి. 200 నుంచి 250కి వెళ్తే కాంక్రీటు ఖర్చు నాలుగో వంతు పెరుగుతుంది. ఓర్పు మాత్రం వెయ్యి రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే రోడ్డు మందంలో రెండంగుళాలు కొట్టేయడం అంటే ఇరవై శాతం కాంక్రీటు కొట్టేయడం కాదు, రోడ్డు ఆయుష్షును దాదాపు మొత్తం కొట్టేయడం.

ఇవి మరీ కఠినమైన పరిస్థితికి వేసిన అంకెలని ఒప్పుకోవాలి. జంట చక్రాలు బరువును కాస్త పంచుతాయి, ప్రతి లారీ అంచు మీదే వెళ్లదు. అయితే పక్కన మురుగు కాలువ ఉన్న ఇరుకు వీధిలో ఎదురుగా బండి వస్తే లారీ ఎక్కడికి జరుగుతుంది? అంచుకే. నీళ్ల ట్యాంకర్ సంగతి కూడా ఆలోచించండి. 12 వేల లీటర్ల ట్యాంకర్‌లో నీటి బరువే 12 టన్నులు. బెంగళూరులో ఎన్నో కాలనీలు ట్యాంకర్ల మీదే బతుకుతున్నాయి. ‘మా సందులోకి లారీలు రావు’ అనుకునే వీధికి వారానికి ఎన్ని ట్యాంకర్లు, ఎన్ని ఇసుక లారీలు, ఎన్ని రెడీమిక్స్ బండ్లు వస్తున్నాయో లెక్కపెడితే ఆశ్చర్యపోతాం.

ఇప్పుడు పద్ధతుల మధ్య అసలు తేడా చూడండి. అదే 250 మి.మీ. పలక మీద చక్రం బరువు 20 శాతం పెరిగిందనుకుందాం. ఆష్టో నాలుగో ఘాతం ప్రకారం నష్టం సుమారు రెట్టింపవుతుంది. అలసట లెక్కలో డెబ్భై లక్షల పైన ఉన్న ఓర్పు రెండు లక్షలకు పడిపోతుంది, అంటే నష్టం దాదాపు నలభై రెట్లు. ఒకే లారీ, ఒకే రోడ్డు. ఒక పద్ధతి ‘కాస్త జాగ్రత్త’ అంటుంది, ఇంకొకటి ‘రోడ్డు పోయినట్టే’ అంటుంది. ఓవర్‌లోడ్ బండ్లు తిరిగే చోట సగటు తీసి లెక్క వేయడం ఎంత ప్రమాదమో దీంతో తెలుస్తుంది.

ఇది ఊహాజనితమైన సమస్య కాదు. 2018 జులైలో కేంద్రం నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్ బరువు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. చట్టబద్ధమైన బరువే దాదాపు 13 శాతం పెరిగింది. అంతకుముందు లెక్క వేసి పోసిన రోడ్లకు ఈ సంగతి తెలియదు కదా.

నేల బలం సంగతి కూడా చూశాం. 200 మి.మీ. పలక కింద నేల బలం సగానికి పడిపోతే ఒత్తిడి తొమ్మిది శాతమే పెరిగింది. ‘అయితే నేల ఎలా ఉన్నా ఫర్వాలేదు’ అని కొందరు దీన్ని చూసే అంటారు. కానీ ఆ తొమ్మిది శాతానికే ఓర్పు ఆరో వంతుకు పడిపోయింది. పైగా ఆ సూత్రం నేల అన్నిచోట్లా ఒకేలా ఆనుకుని ఉందనుకుంటుంది. షోలాపూర్ నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. పలక ఒకచోట ఆనుతుంది, ఒకచోట గాలిలో ఉంటుంది. అలాంటి నేల మీద కింది పొరల్లో మిగిల్చే డబ్బు పైన కాంక్రీటులో ఎంత పోసినా తిరిగి రాదు.

మన ఊళ్లకు ఏది సరిపోతుంది?

బెంగళూరు వైట్ టాపింగ్ అంటే పాత తారు రోడ్డు మీద కాంక్రీటు పలక పోయడం. దానికి ఐఆర్‌సీ:ఎస్పీ:76-2015 ఉంది. 200 మి.మీ. దాటితే తారును గట్టి పునాదిగా చూసి మామూలు కాంక్రీటు రోడ్డులాగే లెక్క వేస్తారు. 100 నుంచి 200 మధ్య అయితే కాంక్రీటు, తారు ఒకటిగా అతుక్కుని పని చేస్తాయని నమ్మి, చిన్న చిన్న పలకలుగా కోసి తక్కువ మందం ఇస్తారు. ఆ అతుకు నిలవాలంటే పాత తారును గీకి, దుమ్ము లేకుండా కడగాలి. అది జరగకపోతే కాగితం మీద కలిసి ఉన్న రెండు పొరలు రోడ్డు మీద విడిపోయి ఉంటాయి. పలుచటి పలక ఒంటరిగా బరువు మోయాల్సి వస్తుంది.

భివండీలో మగ్గాల వీధుల పక్కనే గోదాములు, వాటికి కంటైనర్ లారీలు. రాయగడ చుట్టుపక్కల మిల్లులకు సరుకు లారీలు. ఈ వీధులు పేరుకు వార్డు రోడ్లే అయినా, మోసేది హైవే బరువు. వీటికి ఐఆర్‌సీ:58 లెక్క, అందులోనూ రాత్రి లెక్క కావాలి. హోసూరు, బరంపురం లోపలి సందులకు, నిజంగా లారీలు రాని చోట, ఎస్పీ:62 ఇచ్చే 150 మి.మీ. సరిపోతుంది. అక్కడ 250 పోయమనడం కూడా దుబారానే. ఆ మిగిలిన డబ్బు కాలువకు పెట్టడం మేలు. యానాం లాంటి చోట మందం కంటే ముందు నీళ్లు ఎటు పోతాయో తేల్చాలి.

లెక్కలో లేనివి

ఎంత మంచి డిజైన్ అయినా కొన్నింటిని ముందే ఒప్పుకుని మొదలవుతుంది. నాలుగున్నర మీటర్లకో జాయింట్ కోస్తారని, కాంక్రీటు గట్టిపడ్డ కొన్ని గంటల్లోనే, పలక మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు లోతున ఆ కోత పడుతుందని నమ్ముతుంది. ఆలస్యమైతే పలక తన ఇష్టం వచ్చిన చోట తానే పగులుతుంది. రోజుల తరబడి తడి గోనెలు కప్పి క్యూరింగ్ చేస్తారని నమ్ముతుంది. వేసిన ఆరు నెలలకు నీళ్ల పైపు కోసమో, కేబుల్ కోసమో రోడ్డును అడ్డంగా కోయరని నమ్ముతుంది. కోసి, పైన మట్టి కప్పి, నాలుగు తట్టల సిమెంటు పోసిన చోట ఏ పద్ధతీ పని చేయదు.

రోడ్డు ఎత్తు ఇంకో సంగతి. పాత రోడ్డు మీదే కొత్తది పోస్తే వీధి పైకి, ఇల్లు కిందికి పోతుంది. వాన నీళ్లు గడప దాటి లోపలికొస్తాయి. తమిళనాడులో పాత పొరను గీకేశాకే కొత్తది వేయాలని, రోడ్డు మట్టం పెరగకూడదని 2021 మేలో ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఆదేశించారు. తమిళనాడులోని మన వాళ్లు దీన్ని గుర్తు పెట్టుకుని అడగాలి.

ఏ భాషలో అడగాలి?

ఈ రోడ్లకూ మనకూ ఉన్న బంధం పాతది. కర్ణాటకలో భోవిలుగా, తమిళనాట ఒడ్డర్లుగా, బోయర్లుగా పిలిచే మన వడ్డెర కుటుంబాలు తరతరాలుగా మన్ను తవ్వి, రాయి కొట్టి ఈ రాష్ట్రాల్లో చెరువులకూ బాటలకూ చెమట ధారపోశాయి. ముంబయిలో కామాఠిపురా పేరే తెలుగు నేల నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. రోడ్డు వేసిన చేతులు మనవి. రోడ్డు ఎంత మందమో తేల్చే బల్ల దగ్గర మాత్రం మన గొంతు తక్కువ. ‘భాష రాదు, ఇంజనీరింగ్ రాదు, మనకెందుకులే’ అనుకుంటాం.

భాష విషయంలో రాజ్యాంగం 350వ అధికరణం మనకు అండ. ఏ బాధ చెప్పుకోవడానికైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా వినతి ఇచ్చే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. హోసూరులోనో బళ్లారిలోనో తెలుగులో రాసిన వినతిని భాష పేరు చెప్పి తిరగ్గొట్టడానికి వీల్లేదు. జవాబు తెలుగులోనే రావాలని మాత్రం అందులో లేదు.

సమాచార హక్కు దరఖాస్తు వేరు. 2005 చట్టం ప్రకారం అది ఇంగ్లిష్, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. కాబట్టి కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ చదువుకున్న మన పిల్లల సాయం తీసుకుందాం. వాళ్లకది అరగంట పని. రాయలేని వాళ్లు నోటితో చెబితే రాసిపెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత సమాచార అధికారిది. జవాబుకు గడువు 30 రోజులు. ఇదే చట్టంలో పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రికి ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఇది చాలామందికి తెలియదు.

ఏం అడగాలో కూడా చెబుతాం. కాగితం తీసుకుని రాసుకోండి.

1. ఈ వీధికి ఏ ప్రమాణం ప్రకారం డిజైన్ చేశారు? ఎస్పీ:62నా, 58నా, ఎస్పీ:76నా?
2. వాణిజ్య వాహనాలను ఎప్పుడు, ఎన్ని రోజులు లెక్కపెట్టారు? రాత్రి కూడా లెక్కపెట్టారా?
3. నేల పరీక్ష ఈ వీధిలోనే చేశారా, వేరే చోటి అంకె తెచ్చి పెట్టారా?
4. పలక కింద ఏ పొరలున్నాయి? నీళ్లు ఎటు పోతాయి?
5. కాంక్రీటు గ్రేడ్ ఎంత? పోశాక కోర్ తీసి మందం, బలం చూశారా? ఆ ఫలితం ఎక్కడ?
6. పైపులు, కేబుళ్లు ముందే వేశారా? రోడ్డు మట్టం గడపల కంటే కిందే ఉంటుందా?

ఈ ఆరింటికీ జవాబులున్న ఫైలు ఒక్క పేజీ కూడా కాదు. నిజంగా డిజైన్ చేసి ఉంటే ఆ పేజీ ఇంజనీరు దగ్గర ఉంటుంది, ఇవ్వడానికి ఇబ్బంది ఉండదు. లేదంటే మీ వీధి మందం అలవాటు కొద్దీ వచ్చిందని అర్థం. అప్పుడు పని మొదలయ్యే ముందే ఆపి అడగడానికి సమయం ఉంటుంది. కాంక్రీటు పోశాక అడిగితే ముప్పై ఏళ్లు ఆగాల్సి ఉంటుంది, లేదా మూడో ఏటే మళ్లీ తవ్వుతుంటే చూస్తూ ఉండాల్సి వస్తుంది.

శంకుస్థాపన రోజున కొబ్బరికాయ కొట్టడానికి కార్పొరేటర్ మన వీధికి వస్తారు. ఆ రోజు పూలదండతో పాటు ఈ ఆరు ప్రశ్నలున్న కాగితం కూడా చేతికిద్దాం. వీధిలో మన ఇళ్లు పది ఉన్నా చాలు. పక్కింటి కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ కుటుంబాలూ అదే రోడ్డు మీద నడిచేవే. వాళ్ల సంతకాలు కూడా తీసుకుందాం.